పావురం పట్టు

వారమంతా భూమి కడుపులో బొగ్గు తవ్వే ఆల్ఫోన్స్ నోవాకోవ్‌స్కీ ఆదివారం వచ్చిందంటే ఆకాశంలోనే బతికేవాడు. జర్మనీలోని ఎసెన్ గని కాలనీలో అతని ఇంటి పెరట్లో పందెం పావురాల గూడు ఉండేది. కూతురు రోస్వితకు మాటలు సరిగ్గా రాకముందే పావురాన్ని పట్టుకోవడం నేర్పాడు.

"గట్టిగా పట్టావో చస్తుంది, వదులుగా పట్టావో పోతుంది. నీ చేతిలో ఉన్నట్టు దానికి తెలియకూడదే!"

ఆ పట్టే పిల్లను హాకీలోకి లాక్కెళ్లింది. కాలనీ గోడ అవతల డాక్టర్ల పిల్లలూ, గని ఆఫీసర్ల పిల్లలూ ఆడుకునే మైదానం ఉంది. ఒకనాడు వాళ్ల బంతి గోడ దాటి దూసుకొస్తే, రోస్విత వంగి అరచేత్తో ఆపింది. చప్పుడే లేదు. బంతి అక్కడే నిద్రపోయింది. గోడ మీంచి తొంగిచూసిన కోచ్ లాంబెర్ట్స్ నోట్లోని చుట్ట జారి సొంత బూటు మీదే పడింది.

ఆ రోజుల్లో పెనాల్టీ కార్నర్ వస్తే ఒకరు గోల్ గీత దగ్గర్నుంచి బంతిని తోసేవారు, ఒకరు దాన్ని చేత్తో ఆపేవారు, మూడోవారు కర్రతో బాదేవారు. గోల్ పేరు బాదినవారిది. ఆపినవారి పేరు ఎవరికీ పట్టదు. రోస్విత పొద్దున రొట్టెల కొట్లో పనిచేసేది, సాయంత్రం లాంబెర్ట్స్ జట్టులో బంతులు ఆపేది. పక్కింటి ఎగాన్ పందెం కట్టి కోడిగుడ్డు విసిరితే దాన్నీ ఆపింది. ఆ గుడ్డును అతను మర్నాడు వేయించుకు తిన్నాడని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇన్ని జరిగినా ఆల్ఫోన్స్ ఆమె ఆట ఒక్కసారీ చూడలేదు. ఆటలు ఆదివారమే, పావురాల పందేలూ ఆదివారమే. అతని దగ్గరున్న మేటి పావురం ట్రూడెల్ మహా టెక్కులది, రోస్విత చేతిమీదికి తప్ప దిగదు. ఇంటికప్పు మీద వాలితే పందెంలో లెక్కకు రాదు. కాలి రబ్బరు ఉంగరం తీసి వచ్చిన వేళను అచ్చువేసే పందెం గడియారంలో వేస్తేనే వచ్చినట్టు. మామూలు ఆదివారాల్లో దాన్ని దించాకే రోస్విత ఆటకు పరుగెత్తేది, ఆల్ఫోన్స్ మిగతా పావురాల కోసం ఉండిపోయేవాడు.

ఒక ఏడు జూన్‌లో, వియన్నాలో వదిలిన పావురాలు ఇళ్లకు ఎగిరొచ్చే వియన్నా పందెమూ, రోస్విత జట్టు ఫైనలూ ఒకే మధ్యాహ్నం వచ్చి పడ్డాయి.

"నేను లేకపోతే కార్నర్ ఎవరు ఆపుతారు నాన్నా?"

"మరి ట్రూడెల్‌ను ఎవరు దించుతారు? నీ డాక్టరుగారి అమ్మాయిలా?"

"కాస్త బతిమాలుకో, దిగుతుంది."

"మీ అమ్మనే ఏనాడూ బతిమాలలేదు. పిట్టను బతిమాలమంటావా?"

"అదేగా నా ఖర్మ!" అంది బంగాళదుంపలు చెక్కుతున్న తల్లి హెట్టి.

రోస్విత కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆల్ఫోన్స్ పెరట్లో నిలబడి మెడ నొప్పెట్టేలా తూర్పుకే చూశాడు. రానే వచ్చింది ట్రూడెల్, అందరికంటే ముందు! బైబిల్లో నోవా ఓడకు తిరిగొచ్చిన పావురం కూడా అంత ఠీవిగా వాలి ఉండదు. వాలి, కప్పు కొసన కూర్చుంది.

గింజల డబ్బా ఆడించాడు. ఈల వేశాడు. కడకు కూతురి నీలం ఏప్రన్ కట్టుకుని, తలకు ఆమె పూల రుమాలు చుట్టుకుని చెయ్యి చాపాడు. ట్రూడెల్ ఓసారి చూసి, తోక తిప్పేసింది.

"ఒరేయ్ ఆల్ఫోన్స్, సంబంధం కుదిరేదాకా ఆ రుమాలు తియ్యకురా!" అని గోడ పట్టుకుని విరగబడి నవ్వాడు ఎగాన్.

అవతలి వీధి గూళ్లకు పావురాలు రావడం మొదలైంది. ఆల్ఫోన్స్‌కు ఒళ్లు మండిపోయింది. రెక్క పట్టుకుని కూతుర్ని ఈడ్చుకొద్దామని ఆ వేషంతోనే సైకిలెక్కాడు.

మైదానం చేరేసరికి ఆట చివరికొచ్చింది. ఇరుజట్లూ సమానం, ఆఖరి కార్నర్. రోస్విత గడ్డి మీద ఒక మోకాలు వంచి, ఎడమచెయ్యి నేలకు ఆన్చింది. "ఇంటికి పద!" అని అరవడానికి ఆల్ఫోన్స్ నోరు తెరిచాడు.

బంతి వచ్చింది. గనిలో తాడు తెగిన బొగ్గుబండిలా వచ్చింది. ఎదురుగా నలుగురమ్మాయిలు కర్రలెత్తి ఆమె మీదికే పరుగెత్తుతున్నారు. ఆమె అటు చూడనైనా లేదు. అరచెయ్యి బంతిని తాకింది, అంతే! చేతిలో ఉన్నట్టు బంతికే తెలియలేదు. రోస్విత చెయ్యి తీసేసరికి అది గూట్లో గుడ్డులా కదలకుండా ఉంది. మైదానమంతా ఊపిరి బిగబట్టిందో, ఆల్ఫోన్స్ ఒక్కడే బిగబట్టాడో గాని, గడ్డిపోచ కదల్లేదు. ఆ తర్వాత ఎవరో బాదారు, వల ఊగింది, జనం కేకలు వేశారు. అతను మాత్రం ఆ గడ్డినే చూస్తున్నాడు. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది.

రోస్విత పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! ఏమిటీ వేషం? ట్రూడెల్ వచ్చిందా?"

"ఏ ట్రూడెల్?" అన్నాడు ఆల్ఫోన్స్.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి ట్రూడెల్ ఇంకా కప్పు మీదే ఉంది. రోస్విత చెయ్యి చాపగానే దిగింది. ఆల్ఫోన్స్ ఉంగరమైతే తీశాడు గాని, గడియారం మూత తెరవలేదు.

రోస్విత తర్వాత కొన్నాళ్లు దేశం చొక్కా వేసుకుని ఆడింది. చేత్తో ఆపకూడదని నియమం మారినప్పుడు, ఒక చలికాలమంతా తండ్రి పెరట్లో బంతులు విసురుతుంటే కర్రతో నిద్రపుచ్చడం నేర్చుకుంది. ఆట మానాక కోచ్ అయింది. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయి చేతిలోనూ ముందు కర్ర కాదు, పావురాన్ని పెట్టేది.

వియన్నా పందెం ఆల్ఫోన్స్ ఎన్నడూ గెలవలేదు. పాపం అని ఎవరైనా జాలిపడితే ముసలాయన నవ్వేవాడు.

"అసలు పావురం ఆ రోజు కప్పు మీద లేదురా, గడ్డి మీద ఉంది."