బోణీ మనిషి

మా చిన్నప్పుడు... బోణీ కాకముందు అప్పు అడిగితే అంగడి శెట్టి చెయ్యి కదిలేది కాదు. పొద్దున మొదటి బేరం రొక్కానికే జరగాలి. అరువు ఆ తర్వాతే. అది ఊరందరికీ తెలిసిన కట్టు.

వడమాలపేట పక్కన చిన్న పల్లె మాది. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది... వరసగా రెండో ఏడు. చెనిక్కాయ చేలు మాడిపోయాయి. కూలికి పిలిచేవాడు లేడు.

మా అమ్మ నా చేతికి గోతపు సంచి ఇచ్చి, నాయన పేరు చెప్పి రెండు పడుల కొలత రాగులు తెమ్మంది. పోయి చూస్తే అంగడి ముందు అప్పటికే అయిదారుగురు ఉన్నారు. అందరివీ ఖాళీ సంచులే. పొద్దెక్కుతోంది... రొక్కం తెచ్చినవాడు ఒక్కడూ లేడు.

"బోణీ కానీండమ్మా... నేనేమన్నా లేదంటినా?" అంటాడు శెట్టి.

లచ్చుమవ్వ అని ఒక ముసలామె, నోరు గట్టిది. "అందురూ అప్పుకొచ్చినోళ్లమే గదప్పా, బోణీ ఎవురు సేస్తారు? నీ పెండ్లాన్ని పిలిసి ఒక సబ్బన్నా కొనమను."

"ఆమె కూడా నాకాడ అప్పే అవ్వా!"

అందరూ నవ్వారు. ఆకలి మీద వచ్చే నవ్వు అది... ఎక్కువసేపు ఉండదు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు వచ్చాడు మా నాయన, రేణిగుంట నుంచి. రైలు గూడ్సు షెడ్డులో మూటలు మోసే పని ఉందని విని, మూడు రోజుల ముందు పోయిన మనిషి. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము.

"ఏం సెంగయ్యా, పని దొరికిందా?" అన్నాడు శెట్టి.

"యాడ దొరికింది? నిన్నెరిగినోళ్లు ఈడ ఎవురుండారు అన్నాడు మేస్త్రీ. పూచీ లేకుంటే మూట మీద సెయ్యి ఎయ్యనీడంట."

మా నాయన నన్ను చూశాడు... నా చేతిలో సంచిని చూశాడు. మొలలో ముడి విప్పి ఒక పావలా తీశాడు. బస్సుకని ఉంచుకున్న పావలా. బస్సు ఎక్కకుండా నడిచే వచ్చాడు.

"ఉప్పియ్యి శెట్టీ. నీ బోణీ నేను సేస్తా. వీళ్లు ఎంతసేపని నిలబడతారు?"

శెట్టి ఆ పావలాను కళ్లకద్దుకుని పెట్టెలో వేశాడు. అంతే... సంచులు కదిలాయి. లచ్చుమవ్వకు రాగులు, ఆ వెనకామెకు నూకలు. నా వంతు వచ్చింది. సంచి చాపాను. మా నాయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"రాగులొద్దా సెంగయ్యా?"

"పని లేనోడు అప్పు సేస్తే దాన్ని అప్పనరు శెట్టీ, మోసం అంటారు."

ఉప్పు పొట్లంతో ఇంటికి వచ్చాం. నిజం చెప్పాలంటే నాకు మా నాయన మీద మండిపోయింది. ఊరంతటికీ అప్పు పుట్టించి మాకు ఉప్పు తెచ్చాడు! అమ్మ ఖాళీ సంచి మడిచి చూరులో దోపింది... తిట్టినా అంత బాధ ఉండదు.

సాయంత్రం శెట్టే మా ఇంటికి వచ్చాడు. రాగుల మూట, పొట్లాల కాగితం మీద రాసిన చీటీ.

"రేపు పోయి ఇది మేస్త్రీకియ్యి. నా చెనిక్కాయ మూటలు ఎక్కేది వాని షెడ్డులోనే."

మా నాయనకు చదువు రాదు. నేను మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "ఇతను బోణీ మనిషి. పనిలో పెట్టుకో. పూచీ నాది."

శెట్టి దేవుడేమీ కాదు. ఆయన పడికి అడుగున సొట్ట ఉండేది, కొలిచిన ప్రతిసారీ పిడికెడు తక్కువ. ఆ రాగులు కూడా ఆ పడితోనే కొలిచాడు. మా నాయనకు తెలుసు. "పడి సొట్టదే గానీ మనిసిని సరిగ్గా కొలిసినాడు రా" అన్నాడు.

మా నాయనకు పని దొరికింది. కొన్నేళ్లకు నేనూ అదే షెడ్డులో మూట ఎత్తుకున్నాను. చదువు మూడో తరగతితో సరి. మెడ వెనక కాయ కాసింది... కానీ ఒకరి ముందు చెయ్యి చాచలేదు. బ్యాంకు మెట్టు ఎక్కలేదు. అదే నా గొప్ప అనుకున్నాను ఇన్నాళ్లూ.

మొన్న ఎక్కాను. మా మనవడిని రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో తీసేసి నాలుగు నెలలైంది. ఆర్డర్లు లేవంట. ఆటో కొనుక్కుంటానంటే పూచీ ఉందామని పోయాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"తాతా, మీకు స్కోరు లేదు."

"తక్కువుండాదా?"

"తక్కువ కాదు, అసలు లేదు. మీరెప్పుడూ లోన్ తీసుకోలేదు కదా. సిస్టంలో మీరు కనపడరు."

డెబ్బై ఏళ్లు ఎవరికీ బాకీ లేకుండా బతికితే... నేను లేనట్టంట.

ఇంటికొచ్చి ఒక కాగితం తీసుకున్నాను. వంకర అక్షరాలతో "ఇతను బోణీ మనిషి" అని రాశాను. మావాడి పేరు కూడా రాశాను. తర్వాత పెన్ను ఆగిపోయింది... ఎవరికివ్వాలి దీన్ని?

ఇప్పుడు తెల్లారితే మావాడు గోడౌన్ల గేటు ముందు నిలబడుతున్నాడు, ఆ పూట కూలికి పిలుస్తారేమోనని. వాళ్ల ముత్తాత నిలబడిన చోటికి అది ఎంతో దూరం కూడా కాదు.

మీ ఇళ్లల్లో కూడా ఒట్టి పేరు మీద అప్పు పుట్టించుకుని బతికినవాళ్లు ఉంటే రాయండి. నాకు చదవడం ఆలస్యం, మావాడే చదివి వినిపిస్తాడు. గేటు కాడ పిలుపు రాక పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు...

రేపటి నుంచి పగలు ఇంట్లో చదివేవాడు లేకుండా పోవాలని కోరుకోండి.