అప్పలసామి మావ చేతులు

పోయిన ఆదివారం పొద్దున ఇసుక మిట్ట కింద నా కూతురు బండి స్టార్టు చేసినప్పుడు నీలిరంగు పొగ నా ముఖానికి కొట్టింది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే పాత రకం ఇంజను అది. కాస్త తీపి, కాస్త చేదు కలిసిన ఆ వాసన క్లాంగ్‌లో మేముండే వీధిలో ఇప్పుడు ఎక్కడా తగలదు. అది ముక్కుకు తగలగానే సుంగై పెటానిలోని ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు ఒక కాలు చాపుకుని ముక్కాలిపీట మీద కూర్చున్న అప్పలసామి మావ గుర్తుకొచ్చారు.

ఆయన నాకు చుట్టం కాదు. రబ్బరు తోటలో మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మావ అయ్యారు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలేసియా తోటలకు వచ్చినవాళ్లే. తోట ఇళ్ల స్థలాలుగా మారిపోయాక ఆయన ఊళ్లో మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒక దినపత్రికకు ఆ ఊరి వార్తలు రాసేవాణ్ణి. క్లచ్ తీగ తెగి ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు, మూలన నా నడుము దాకా వచ్చే ఎత్తైన బండి ఒకటి కనిపించింది.

"ఇదేటి మావా, ఇంత ఎత్తుంది?"

"ఎక్కి సూడు. కాళ్లు అందకపోతే ఇంటికెల్లి పాలు తాగు."

కాళ్లు సగమే అందాయి. ఆయన నవ్వారు. మర్నాడు కూడా వెళ్లాను.

అది హార్డ్ ఎండ్యూరో అనే పందెం బండి. బండ్లు పోకూడని చోటే ఆ పందెం పెడతారు. రాళ్లు, బురద, నిట్టనిలువు మిట్టలు. వేగం కన్నా ఓర్పు ముఖ్యం. పెట్టిన గడువులో చివరిదాకా చేరేవాళ్లు కొద్దిమందే. మావ వయసులో ఉన్నప్పుడు పందేలాడి ఒక మోకాలు పోగొట్టుకున్నారు. ఆ మోకాలు ఇక వంగలేదు.

మలేసియాలో ఎడారి లేదు. కానీ పేరాక్‌లో తగరం తవ్వి వదిలేసిన పాత గనులున్నాయి. తగరాన్ని కడిగి తీసుకున్నాక మిగిలిన తెల్లటి ఇసుక గుట్టలు గుట్టలుగా పడివుంటుంది. మధ్యాహ్నం ఎండ పైనుంచీ, సెగ కిందనుంచీ కొడతాయి. ఎడారికి మలయ్ భాషలో వాడే మాటతోనే రైడర్లు దాన్ని పడాంగ్ పాసిర్ అనేవాళ్లు. ఆ ఏడు అక్కడ పందెం పెట్టారు. ముందు చేరిన ఐదుగురినీ టైర్ల వ్యాపారి ఒకాయన తన ఖర్చుతో వేరే దేశంలో జరిగే అసలైన ఎడారి పందేనికి పంపుతానన్నాడు. నాకు అది కావాలి. అప్పటికి నేను విమానం ఎక్కలేదు. మా తోటలో పుట్టినవాళ్లు ఎవరూ అలాంటి పందేనికి వెళ్లలేదు.

ఆరు నెలలు ప్రతి ఆదివారం ఆయన నన్ను ఆ ఇసుకలోకి తీసుకెళ్లారు. మొదటి రెండు వారాలు లారీలోంచి ఆ ఎత్తు బండి దించనివ్వలేదు. చేతికి ఒక కర్ర ఇచ్చి నడవమన్నారు. పొడిచి చూసుకుంటూ నడవాలి. పైన ఎండి గట్టిగా కనిపించే ఇసుక కింద జారుడు బురద ఉంటుంది. దిగితే చక్రం సగం దాకా కూరుకుపోతుంది.

"లాలాంగ్ గడ్డి మొలిసిన కాడ నేల నమ్ము. ఇసక బూడిద రంగు తిరిగిన కాడ నీ బాబు సెప్పినా నమ్మకు."

"బండెప్పుడు ఎక్కాలి మావా?"

"సుమ్మా నడు లా. కాళ్లకి తెలీంది సక్రానికేటి తెలుస్తాది?" ఊరికే అనడానికి 'సుమ్మా', మాట చివర 'లా' అక్కడ అందరి నోటా వచ్చేవే.

తర్వాత టైర్లలో గాలి తగ్గించడం, బరువు వెనక్కి వేసి నిలబడి నడపడం, ఇసుకలో బ్రేకు మర్చిపోవడం నేర్పారు. నేను పడితే కదిలేవారు కాదు. పడ్డ బండిని నేనే లేపుకోవాలి. లేపే ముందు మూడుసార్లు ఊపిరి తీసుకోవాలి. నేను గాభరాగా లాగుతుంటే, "ఓరల్లుడా, అది బండిరా, పారిపోతన్న కోడి కాదు" అని దూరం నుంచి అరిచేవారు. ఉప్పేసిన గంజి సీసాలో పోసి తెచ్చేవారు. నేను తాగేదాకా తను ముట్టేవారు కాదు.

పందెం రోజు చివరి గుట్టకు రెండువైపులా ఎర్ర టేపు కట్టారు. ఆ టేపుల మధ్య రైడరుకు ఎవరూ సాయం చేయకూడదు, బండిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ రైడరు పందెంలో లేనట్టే. నేను ఆ గుట్ట మొదలుకు వచ్చేసరికి నాకన్నా ముందు నలుగురే ఉన్నారని మావ చేతివేళ్లతో చూపించారు. ఆయన గుట్ట కొసన టేపును ఆనుకుని నిలబడ్డారు. పక్కన ఎవరూ లేరు. అధికారి అవతలి వైపు వాలులో ఇరుక్కున్న ఇంకొకరిని చూస్తున్నాడు.

కొసకు బారెడు దూరంలో నా బండి ఊపు పోయింది. ముందు చక్రం గాలిలోకి లేచింది. హ్యాండిల్ నా ఛాతీ మీదికి వాలుతూ ఉంది. కింద రాళ్లు. ఆ క్షణంలో రెండు చేతులు వచ్చి ముందు చక్రాన్ని పట్టుకుని కిందికి నొక్కాయి. ఒక్క ఊపిరి సేపు, అంతే. చక్రం ఇసుకలో దిగింది, నేను కొస దాటాను. అయిదోవాడిగా చేరాను.

నీళ్లు నెత్తిన పోసుకుంటూ నవ్వుతున్నాను. మావ కుంటుకుంటూ వచ్చారు.

"నాను బండి పట్టుకున్నాను. ఎల్లి సెప్పాల."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఎవరూ చూడలేదు మావా!"

"నాను సూసినాను."

ఆయన నా చెయ్యి విడిపించుకుని అధికారుల బల్ల దగ్గరికి నడిచారు. అక్కడున్న మలయ్ అధికారి మంచివాడు. "అంకుల్, ఎవరూ ఫిర్యాదు చేయలేదు లా. ఇంటికెళ్లండి" అన్నాడు. మావ కదల్లేదు. "రాయండి" అన్నారు. అధికారి నావైపు ఒకసారి చూసి, జాబితాలో నా పేరు మీద గీత గీశాడు.

నేను ఊరుకోలేదు. అందరి ముందూ అరిచాను. "వెళ్లి చెప్పేసేవాడివి అసలు ముట్టుకోవడం ఎందుకు?"

"బండి నీ మీదకొచ్చేస్తన్నాది. సేతులు వాటంతటవే ఎల్లిపోయినాయి. తప్పు నాది, దెబ్బ నీకు. నాకు తెలుసురా."

తిరుగుదారిలో రెండు గంటలూ ఆయన పక్కన కూర్చోకుండా లారీ వెనక బండి దగ్గరే కూర్చున్నాను. నా బదులు ఆరోవాడు వెళ్లాడు. ఈపోలో ఫ్యాక్టరీ పని చేసుకునే చీనా మనిషి. తర్వాత పత్రికవాళ్లు నన్ను కౌలాలంపూర్ ఆఫీసుకు మార్చారు. ఏడు నెలలు షెడ్డు వైపు పోలేదు.

ఆ ఆఫీసులో ఒక అగ్నిప్రమాదం వార్త రాశాను. మంట పుట్టిన గోదాము ఒకటి, నేను రాసింది దాని పక్కది. ఎవరూ ఫోను చేయలేదు, ఉత్తరం రాయలేదు. మూడు రోజులు ఊరుకుని నాలుగో రోజు సంపాదకుడి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన విసుక్కున్నారు. "ఎవరడిగారయ్యా నిన్ను?" అన్నారు. దానికి నా దగ్గరున్న జవాబు ఆరోజు మావ అన్న మాటే. అది తెలుగులో ఉంది, ఆయనకు తెలుగు రాదు. సవరణ రెండు వాక్యాలు పడింది. ఆ శనివారం బస్సెక్కి సుంగై పెటాని వెళ్లాను.

"ఏటిరా, తోవ మర్సిపోయినావనుకున్నాను" అన్నారు మావ, తల ఎత్తకుండానే. బల్ల మీద ఒక సీసాలో ఎర్ర ఇసుక ఉంది. ఈపో మనిషి ఎడారి నుంచి తెచ్చి ఇచ్చాడట. అక్కడ రెండో రోజే అతని బండి ఆగిపోయిందట.

"ఎలాగున్నాదని అడిగినాను. మన ఇసకలాగే ఉన్నాదంట. బురద లేదంట, అంతే."

మరుసటి ఏడు మళ్లీ పందెంలో దిగాను. ఈసారి ఎడారి ఆశ ఎవరూ చూపలేదు. గుట్ట కొసన మావ ఉన్నారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మణికట్లకు తువ్వాలు కట్టించుకున్నారు. కట్టింది ఆయన భార్య, మా అత్త. "ఈ ముసిలోడు సేతుల్ని నమ్మడంట లా" అని ఆమె చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతోంది. నేను అదే చోట పడ్డాను. నాలుగుసార్లు పడ్డాను. ప్రతిసారీ పైనుంచి ఒకే మాట వినిపించింది: "ఊపిరి." కొస దాటేసరికి గడువు తీరిపోయింది. మావ కళ్లనిండా ఇసుక. చేతులు కట్టేసి ఉండటంతో తుడుచుకోలేకపోయారు. నేనే తుడిచాను.

ఆయన పోయి మూడేళ్లయింది. నేను ఎడారి చూడనేలేదు.

పోయిన ఆదివారం నా కూతురు ఆ ఇసుక మిట్ట ఎక్కుతోంది. మధ్యలో బండి ఊపు తగ్గింది, ముందు చక్రం లేచింది. దిగివచ్చాక తను అడిగింది, తనకొచ్చిన కాస్త తెలుగులోనే: "ఏటి నాన్నా, చేతులు వెనక పెట్టుకుని అలా నిలబడ్డావు?" నాకే తెలియలేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని ఉన్నాను. వదిలి చూస్తే వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజు బండి తన మీద పడలేదు. పడబోతే నా చేతులు ఏం చేసేవో నాకు తెలుసు. ఆ తర్వాత ఏ బల్ల దగ్గరికి నడవాలో కూడా తెలుసు.