కింది వరసలో లేని బ్రౌజర్

మా ఆయన మ్యాక్ కంప్యూటర్‌లో నాలుగు బ్రౌజర్లు ఉండేవి. ఇంట్లో వాటిని పేర్లతో పిలిచేవాళ్లం కాదు. బొమ్మలను బట్టి దిక్సూచి, నక్క, రంగుల బంతి, భూగోళం అనేవాళ్లం. జనగామలో ఇంటి ముందు గదిలోనే ఆయన పెళ్లి కార్డులు, ఉద్యమం కరపత్రాలు డిజైన్ చేసేవారు. కంప్యూటర్ హైదరాబాద్‌లో మూతపడిన ఒక ప్రెస్సు నుంచి వచ్చింది. కొత్తది కాదు కాబట్టి దాని మీద ఏది తేలిగ్గా నడుస్తుందో ఎప్పుడూ పోల్చి చూసేవారు.

ఆయన లెక్కలో రంగుల బంతి మొదటిది. డాంగిల్ గుచ్చి వాడే నెమ్మది నెట్‌లో కూడా పేజీ త్వరగా తెరుచుకునేది. రెండోది నక్క. ఆయన వేసిన ఫాంటుతో తెలుగు అందులో బాగా కుదిరేది. దిక్సూచి మూడోది. కంప్యూటర్‌తో పాటే వచ్చింది, మెమరీ తక్కువ వాడుతుంది, కానీ ఆయనకెందుకో దాని మీద మనసు పోలేదు. భూగోళం అన్నిటికన్నా చివర. ఎవరో కొద్దిమంది కలిసి తయారు చేసినదట. దాన్ని నాకిచ్చారు.

"నీకు గిదే మంచిది టీచరమ్మా. నిమ్మళంగ తెరుసుకుంటది, నువ్వు నిమ్మళంగ సదువుకుంటవు" అనేవారు.

స్క్రీన్ కింది వరసలో మిగతా మూడు బొమ్మలే ఉండేవి. నాది ఫోల్డర్ తెరిచి వెతుక్కోవాలి.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడిచిన రోజుల్లో ఒకసారి హైవే మీద వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపి, రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అందరూ అక్కడే తిన్నారు. ఆయన తింటుండగా ఎవరో ఫొటో తీసి తర్వాత మెయిల్ చేశారు. ఎవరన్నది మాకు తెలియదు. ఆయన నాకు ఒకసారి చూపించి నవ్వుకున్నారు. ఊరందరి ఫొటోలూ సరిచేసే మనిషికి తన ఫొటో అంటూ అదొక్కటే. మిగిలింది ఓటరు కార్డు మీది ముఖం.

కొన్ని వారాలకే ఆయన పోయారు. పొద్దున లేచి, చాయ్ కూడా తాగకుండా ఒక కరపత్రం పూర్తిచేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారు. సమ్మెలో రైళ్లు నడవక, మా అత్తమ్మ తన ఊరు గార్ల నుంచి ఎవరిదో జీపులో వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట.

"తినకుంట పోయిండు బిడ్డా. ఉత్త కడుపుతోని పోయిండు."

ఆ మాట అంటూ తానూ తినడం మానేసింది. చాయ్ నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అప్పుడు నాకు ఆ ఫొటో గుర్తొచ్చింది. దినాలకు గోడకు పెట్టే ఫొటో ఎలాగూ కావాలి. తింటున్న కొడుకును చూస్తే ఆమె ఒక ముద్దైనా తింటుందేమో అనిపించింది.

ఇల్లు కడిగిన రోజు మా మరిది తొర్రూరు నుంచి వచ్చి ఉన్నాడు. అక్కడ సెల్‌ఫోన్ల షాపులో పని. బట్టలు ఉతికించాడు, గోడలకు సున్నం వేయించాడు. సాయంత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"వదినే, ఇల్లంత సాఫ్ అయింది. అన్న కంప్యూటర్ గూడ సాఫ్ చేసిన."

"కంప్యూటర్ సాఫ్ చేసుడేంది తమ్మీ?"

"హిస్టరీ, పాస్‌వర్డులు అన్ని తీసేసిన. పోయినాయన చూసుకున్నయి మనకెందుకు? అన్ని కడిగి అదొక్కటి ఎట్ల ఇడిసిపెడుతం?"

మంచి మనసుతోనే చేశాడు. మెయిల్ పాస్‌వర్డు ఆయన ఎవరికీ చెప్పలేదు. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో వదిలేసినది. ఫొటో ఆ మెయిల్‌లోనే ఉందని చెప్పేసరికి మరిది నేల మీద కూలబడ్డాడు.

"ఆగం జేస్తినా వదినే?"

మర్నాడు పొద్దున కరెంటు రాగానే ఇద్దరం కూర్చున్నాం. భూపాలపల్లి గనుల్లోనూ సమ్మె. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. రంగుల బంతి తెరిచాం, పాస్‌వర్డు అడిగింది. నక్క అడిగింది. దిక్సూచీ అడిగింది. మూడింటినీ శుభ్రంగా కడిగాడు.

"ఇగ లేవా?" అన్నాడు మరిది.

ఫొటో చూపించిన రోజు నేను భూగోళంలో ఏదో చదువుతున్నాను. ఆయన పక్క నుంచి వంగి, "జర జరుగు" అని అందులోనే తన మెయిల్ తెరిచారు. అది అప్పుడు తట్టింది. ఫోల్డర్ తెరిచాను.

"గిదేంది? గిదొకటి ఉన్నదా?" అన్నాడు మరిది. కింది వరసలో లేనిది అతని కంట పడలేదు.

భూగోళం పాస్‌వర్డు అడగలేదు. ఆయన మెయిల్ తెరిచే ఉంది.

అత్తమ్మను పిలిచాం. నెట్ నెమ్మది కాబట్టి ఫొటో పై నుంచి కొంచెం కొంచెంగా దిగింది. ముందు ఎండలో తెల్లబడ్డ ఆకాశం, తర్వాత జుట్టు, నుదురు, కళ్లు. అక్కడ ఆగింది.

"నోరేది?" అంది అత్తమ్మ.

"వస్తది ఉండే" అన్నాడు మరిది. చూపు తలపైన బల్బు మీదే ఉంది.

కరెంటు పోలేదు. ఉబ్బిన బుగ్గ, మెతుకులంటిన వేళ్లు, విస్తరి, దాని కింద తారు రోడ్డు, అన్నీ దిగాయి. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

"నోట్లె ముద్ద ఉన్నది గదా. గోడకు ఎట్ల పెడుతమే, నలుగురు నవ్వరా?" అన్నాడు మరిది.

"నవ్వనియ్. నీ తీరు దొంగతిండి తింటుండా? రోడ్డు మీద అందరి నడుమ తింటుండు" అంది అత్తమ్మ.

స్క్రీన్ దగ్గరికి జరిగి విస్తరిని వేలితో చూపింది.

"పప్పుచారేనా బిడ్డా అది?"

"అవును అత్తమ్మా."

చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, ఇంట్లో ఏం వండారని అడిగింది.