ఎర్ర సున్నా ఎవరు చెరపాలి

బస్సు డిపోలో ఆమెను అందరూ బోర్డక్క అంటారు. వర్క్‌షాపు గోడకున్న నల్లబోర్డు ఇరవై రెండేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది మరి. డ్రైవర్లు బండి దిగి లోపం చెబుతారు. ఆమె బండి నంబరు వేసి, పక్కన లోపం రాసి, అది కదలకూడని బండైతే నంబరు చుట్టూ ఎర్ర సుద్దతో సున్నా చుడుతుంది. సున్నా పడిన బండిని మేనేజరు తాత దిగొచ్చినా బయటికి తీయలేడు.

బాగుచేసేది మెకానిక్కే. కానీ ఆ సున్నా చెరిపే హక్కు మెకానిక్‌కు లేదు. బండి తీసుకెళ్ళే డ్రైవరు ఆవరణలో నాలుగు చుట్లు తిప్పి చూసి, తృప్తిపడితే తన చేత్తో తానే చెరపాలి. చెరిపినవాడే మొదటి ట్రిప్పు వెళ్ళాలి. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ఈ పద్ధతిని పెట్టింది ఆమె భర్తే. ఆయనా అక్కడ డ్రైవరే. ఒకప్పుడు ఎవరో "అంతా బాగుంది" అన్న మాట నమ్మి బండి తీసి, ప్రహరీగోడను గుద్దాడు. ఎడమకాలు ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తాడు.

అలాగని బోర్డక్కకు ఫోన్లంటే పడదనుకుంటే పొరపాటు. సుద్దపొడికి దగ్గి దగ్గి ప్రాణం విసిగి, ఇదంతా ఫోన్‌లోకి ఎక్కించండి మహాప్రభో అని అందరికంటే ముందు అడిగింది ఆమే. అందుకే యాప్ వస్తోందనగానే హెడ్డాఫీసువాళ్ళు ఆమెను "మార్పు సారథి" చేసి, జాకెట్టుకు గుచ్చుకునే బిళ్ళ ఒకటి పంపారు. మొదటి వారం దాన్ని తుడిచి మరీ పెట్టుకుంది.

యాప్ వెనకాలే స్లైడ్ల సార్ దిగాడు. ఆయనకో పేరుంది గాని, వచ్చినప్పుడల్లా గోడ మీద స్లైడ్లు వేస్తాడని డిపో అంతా ఇలాగే పిలుస్తుంది. ఆయన బొమ్మల్లో బాణాలన్నీ పైకే పోతాయి. చివరి బొమ్మలో పదిమంది చేతులెత్తి నవ్వుతుంటారు. ఒక్కరి చేతికీ గ్రీజు ఉండదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, యాప్‌లో మెకానిక్ "పూర్తయింది" అని నొక్కితే చాలు, లోపం పచ్చగా మారిపోతుంది. ఎవరూ నొక్కకపోయినా నలభై ఎనిమిది గంటలకు దానంతటదే మారిపోతుంది. పెండింగులు కనబడితే డిపోకు మార్కులు తగ్గుతాయట, అందుకని.

"డ్రైవరు ఒప్పుకున్నాకే పచ్చగా అయ్యేలా ఒక్క బటన్ పెట్టించండి సార్. ఇంకేమీ అడగను" అంది ఆమె.

"చాలా మంచి పాయింటమ్మా. యాప్‌లో సలహాల పేజీ ఉంది కదా, అందులో వెయ్యండి" అన్నాడాయన, గడియారం చూసుకుంటూ.

వేసింది. "మీ సలహా మాకెంతో విలువైనది" అని జవాబొచ్చింది. మూడు నెలల్లో ఆరుసార్లు వేసింది, ఆరుసార్లూ అదే విలువ. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ కనీసం ఇలా అబద్ధమాడదు.

మూడు నెలలుగా బోర్డుతోపాటే పరీక్షగా నడిచిన యాప్‌కు సోమవారం పొద్దున ప్రారంభోత్సవం. బోర్డును ఊడదీసి టైర్ల వెనక గోడవైపు తిప్పి పెట్టారు. ఆ ఖాళీలో గోడకంటిన సుద్దపొడిని బోర్డక్క కొంగుతో తుడుస్తోంది. అంతలో పెద్ద మెకానిక్ పరుగున వచ్చాడు.

"అక్కా, నలభై ఏడో నంబరు పచ్చగా అయిపోయింది! నేను చెయ్యి కూడా పెట్టలేదు. సామాను రానేలేదు. దానంతటదే బాగుపడిందట!"

నలభై ఏడు ఆమె మరిది నడిపే బండి. బ్రేకు తొక్కితే నేలకంటుతోందని శనివారం పొద్దునే యాప్‌లో వేశాడు. నలభై ఎనిమిది గంటలు నిండాయి.

ఏడోసారి రాద్దామని ఆమె సలహాల పేజీ తెరిచింది. తన ఆరు సలహాలూ పచ్చగా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒకే వాక్యం: "గడువు ముగిసినందున పరిష్కారమైనట్టు భావించి మూసివేయడమైనది." ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేదన్నమాట! టైర్ల వెనక్కి వెళ్ళి బోర్డు అంచున మిగిలిన ఎర్రసుద్ద ముక్క తీసుకుంది.

గేటు దగ్గర నలభై ఏడు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"ఫోన్‌లో డ్యూటీ పడింది వదినా. తీయకపోతే ఆబ్సెంటు వేస్తారంట. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు మరిది ఏడుపు మొహంతో.

ఆమె బంపరెక్కి బండి ముందద్దం మీదే పెద్ద సున్నా చుట్టింది. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. స్లైడ్ల సార్ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? సారథివి నువ్వే ఇలా చేస్తే ఎలా?"

"దీనికి బ్రేకు లేదు సార్."

"సిస్టమ్‌లో పచ్చగా ఉంది కదా!" అంటూ ఆయన జేబురుమాలు తీసి, మునివేళ్ళ మీద లేచి, సున్నాను తుడిచేశాడు.

బోర్డక్క బండి తలుపు తీసి పట్టుకుంది.

"ఎక్కండి సార్."

"నేనెందుకు?"

"చెరిపినవాళ్ళే మొదటి ట్రిప్పు వెళ్ళాలి. ఇక్కడ పద్ధతి అదే. నడపడానికి మా మరిది ఉన్నాడు లెండి, మీరు ముందు సీట్లో కూర్చోండి చాలు."

మరిది పైనుంచి బ్రేకు తొక్కి చూపించాడు. ధబ్బుమని నేలకు తగిలిన చప్పుడు అందరికీ వినబడింది. స్లైడ్ల సార్ మెట్టు మీద పెట్టిన కాలు నెమ్మదిగా దించేశాడు. రుమాలుకంటిన ఎర్రసుద్దను చూసుకున్నాడు.

"సామాను ఎప్పుడొస్తుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

మూడు నెలల్లో ఆయన ఆ డిపోలో ఒక బండి గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. బండిని అందరూ కలిసి షెడ్డులోకి వెనక్కి తోశారు. ఫోన్‌లో మాత్రం అది పచ్చగానే ఉంది.

సాయంత్రానికి బటన్ రాలేదు గాని మెమో వచ్చింది. బస్సు అద్దం ఖరాబు చేసినందుకు నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వాలట. బోర్డక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి సుద్ద డబ్బాలో పడేసింది.

"జవాబు రాయవా వదినా?" అన్నాడు మరిది భయంగా.

"ఎందుకూ? గడువు దాటితే దానంతటదే పరిష్కారమైపోతుంది కదా" అంది ఆమె.