గోదావరి మీద ఎవరు పిలిచారు?

2022 వర్షాకాలం. మా ఎయిర్‌పోర్టు మంచి ఊపు మీదున్న రోజులవి. కరోనాలో కాకులు కూడా వాలని టెర్మినల్‌లో మళ్లీ కూర్చోవడానికి కుర్చీ దొరకడం లేదు. ఒక కొత్త రూటు మొదలై ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. ప్రతి రూటుకీ అదే తంతు. మొదటి విమానం దిగగానే రెండు పక్కల నుంచీ ఫైరింజన్లు దాని మీద నీళ్లు చిమ్ముతాయి, దాన్ని వాటర్ సెల్యూట్ అంటారు. లోపల కేకు కోస్తారు, పైలట్ మెడలో బంతిపూల దండ వేస్తారు. నేను కార్గో షెడ్డులో సూపర్‌వైజర్ని. మా దాకా ఆ కేకు వచ్చేసరికి క్రీము అట్టపెట్టెకి అంటుకుపోయి ఉంటుంది. నాకు ఆ కేకూ ఇష్టం లేదు, ఆ చప్పట్లూ ఇష్టం లేదు.

మాది సాలూరు, లారీల ఊరు. నాన్న ఘాట్ రోడ్డు మీద లారీ నడిపేవాడు. సరుకు ఎక్కడం, దిగడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ ఉద్యోగం నాకు కొత్తగా అనిపించలేదు. ప్రయాణికులు కూర్చునే అంతస్తు కింద, విమానం కడుపులో వాళ్ల పెట్టెలతోపాటు వచ్చే సరుకుని మేము బెల్లీ కార్గో అంటాం. మందులు, ఫోన్లు, పూలు, రొయ్య పిల్లలు. వాటి మధ్య అప్పుడప్పుడు హెచ్.యు.ఎం. అని చీటీ అంటించిన పొడవాటి పెట్టె దిగుతుంది. హ్యూమన్ రిమెయిన్స్, అంటే శవం. మాకు అదీ సరుకే. దానికీ తూకం ఉంటుంది, దానికీ రసీదు ఉంటుంది.

ఆ ఏడాది కోయంబత్తూరుకి నేరుగా విమానం వేశారు. ప్రారంభం రోజున ఎయిర్‌లైన్ సేల్స్ ఆఫీసరు మైకులో ఘనంగా మాట్లాడాడు. "మన ఏజెన్సీ కొండల ఆడపిల్లలు ఎంతోమంది అక్కడి మిల్లుల్లో పనిచేస్తున్నారు. ఇకమీదట వాళ్లు రైళ్లు మారుతూ నలిగిపోనక్కర్లేదు. పొద్దున అక్కడ టిఫిన్ తిని, మధ్యాహ్నం ఇక్కడ భోజనం చేయొచ్చు." అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండానే ఆ రూటులో ఏజెన్సీ పిల్ల వచ్చింది. పెట్టెలో వచ్చింది.

ఆ పిల్ల పేరు సుమిత్ర. స్పిన్నింగ్ మిల్లులో పనికెళ్లిందట. జ్వరమన్నారు, ఆసుపత్రి అన్నారు, పోయిందన్నారు. అంతకుమించి తండ్రికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన పేరు సోమన్న. అరకు రైలు దారిలో టైడా స్టేషన్లో దిగి ఇంకా చాలా దూరం కొండెక్కితే వాళ్ల ఊరు. నాలుగు కాఫీ మొక్కలు, వాటికి నీడనిచ్చే చెట్ల మీద మిరియాల తీగలు, కాస్త చోళ్ల పొలం, అంటే రాగులు. వాన నీళ్లు కారుతున్న గొడుగు పట్టుకుని మా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

పెట్టె దించి అప్పగించాం. అంబులెన్సు డ్రైవరు తొందర పెడుతున్నాడు. "బేగి తెమలండి. సీకటి పడితే ఘాట్‌లో నాను నడపలేను." సోమన్న కదల్లేదు. పెట్టె మీద చెయ్యి వేసి నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ ఇమానం ఏయే ఏరులు దాటి ఒచ్చింది?"

నాకు అర్థం కాలేదు. మనిషికి మతి చెదిరిందేమో అనుకున్నాను. అయినా చెప్పాను. "కావేరి, పెన్న, కృష్ణ, గోదావరి. పెద్దవి ఇవే అన్నా."

"మరి అక్కడ గుంటని ఎవులు పిలిసేరు?"

గుంట అంటే వాళ్ల మాటలో ఆడపిల్ల. అప్పుడు చెప్పాడు వాళ్ల ఊరి పద్ధతి. పరాయి చోట పోయిన మనిషిని ఇంటికి తెచ్చేటప్పుడు, దారిలో నీళ్లు అడ్డం వచ్చిన ప్రతిచోటా ఇంటి మనిషి దిగి పేరు పెట్టి గట్టిగా పిలవాలి. రా, దాటు అనాలి. పిలవకపోతే శరీరం దాటుతుంది గానీ ప్రాణం అవతలి గట్టునే ఉండిపోతుంది. గట్టున కూర్చుని ఎదురు చూస్తుంది. మా చర్చిలో అయితే ఆత్మ తిన్నగా ప్రభువు దగ్గరికి పోతుందంటారు, దానికి వంతెనలూ పడవలూ అక్కర్లేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

"విమానం ఎక్కడా ఆగదన్నా. ఎవరూ పిలవరు," అన్నాను.

"అయితే గుంట కావేరి కాడే ఉండిపోనాది," అన్నాడు. ఏడవలేదు. తప్పిపోయిన మేక ఏ పక్క కొండ మీదుందో చెప్పినట్టు చెప్పాడు.

మా గేటు దాటగానే ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది, ఊరి మురుగంతా అందులోనే. అంబులెన్సు ఆ కల్వర్టు మీద ఆగింది. సోమన్న వానలో దిగి, వచ్చిన దారి వైపు తిరిగి, "సుమిత్రా, రాయే తల్లీ, దాటీసీ" అని అరవడం నాకు షెడ్డులోకి వినిపించింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. అక్కడి నుంచి కొండ దాకా ప్రతి గెడ్డ దగ్గరా ఆగి ఉంటాడు. కానీ అసలు గుంట కావేరి దగ్గరే ఉందని నమ్మినవాడు ఎవర్ని పిలిచినట్టు? పిలవకుండా ఉండలేక పిలిచాడు. అంతే.

ఆ తర్వాత ఎన్ని పెట్టెలు దిగాయో. దేన్నీ ఇలా గుర్తు పెట్టుకోలేదు.

మరుసటి ఏడాది, తొలకరి పడుతుండగా ఒకరోజు టెర్మినల్ గేటు నుంచి ఫోన్. ఎవరో కొండ మనిషి, షెడ్డు అమ్మ కావాలంటున్నాడని. వెళ్లి చూస్తే సోమన్న. ఉతికిన చొక్కా, భుజాన సంచి, చేతిలో కోయంబత్తూరు వెళ్లి రావడానికి టికెట్. మిరియాలు అమ్మి, అరకులో ఎవరి చేతో కొనిపించుకున్నాడు.

"ఎల్లి పిలుసుకొస్తాను. ఏడాది తిరిగితే గుంట ఆ గట్టుదైపోతాది. ఇంక పిలిసినా రాదు. ఈ వానల్లోనే ఏడాది తిరిగిపోతాది," అన్నాడు.

"రైల్లో వెళ్లన్నా. వంతెనలు కళ్లెదురుగా కనిపిస్తాయి, తలుపు దగ్గర నిలబడి ఎంత గట్టిగా అయినా పిలవొచ్చు," అన్నాను.

"గుంట రైల్లో రానేదు కదమ్మా. ఒచ్చిన దారిలోనే పిలవాలి. గాల్లో ఒచ్చింది. గాల్లోనే పిలవాలి."

ఇక వాదించలేదు. కౌంటర్ పిల్లతో చెప్పి, రెక్క అడ్డం రాకుండా వెనక వరసలో కిటికీ సీటు ఇప్పించాను. సెక్యూరిటీలో ఆయన మొలలో ఉండే చిన్న కత్తి తీయించారు, అది నా దగ్గర దాచాను. క్యాబిన్ క్రూలో సీనియర్ అమ్మాయికి సంగతంతా చెప్పి, నదులు వచ్చినప్పుడు కాస్త చెప్పమని బతిమాలాను. ఆ అమ్మాయి మంచిది. "చూస్తాను మేడమ్, కానీ ఫ్లైట్ ఫుల్," అంది.

సోమన్నతో, "లోపల మెల్లిగా పిలువన్నా, అరిస్తే కంగారు పడతారు," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "మెల్లిగా పిలిస్తే ఏటి వినబడతాదమ్మా, అంత ఎత్తు మీంచి?"

విమానం లేచింది. నేను షెడ్డు బయట నిలబడి చూశాను. కొండల మీద నల్లగా కమ్ముకుని ఉంది. విమానం అందులోకి దూరింది. దేవుణ్ని నేను చిన్న చిన్న వాటికి అడగను. ఆ రోజు అడిగాను, గోదావరి మీద కాస్త తెరిపి ఇమ్మని.

మర్నాడు తిరుగు విమానంలో దిగాడు. కత్తి ఇద్దామని అరైవల్స్ దగ్గరికి వెళ్లాను. జనం ట్రాలీలు తోసుకుంటూ పోతున్నారు. ఆయన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"కనిపించిందా అన్నా?"

"ఏటీ కనబడ్నేదు. ఎల్లినప్పుడూ తెల్లగే ఉంది, ఒచ్చినప్పుడూ తెల్లగే ఉంది. ఆ ఇమానంలో పనిసేసే గుంటని అడిగితే, తాతా మాకూ తెలవదు అంది."

"పిలిచావా మరి?"

"పిలిసేను. ఎక్కడో తెల్దు. ఏరొచ్చిందేమో, ఏరొచ్చిందేమో అని పిలిసేను. పక్కాయన కసిరేడు. అయినా పిలిసేను." భుజాన ఉన్న సంచి కిందికి దించాడు. "తప్పు సేసేనమ్మా. ఏరు నేని సోట పిలిసినట్టున్నాను. నా గొంతు ఇని అది లేచి ఎతుక్కుంటా ఎలిపోయుంటాది. మొన్నటిదాకా కావేరి గట్టున ఉందని తెలుసు. ఇప్పుడెక్కడుందో నాకు తెల్దు."

నాకు తెలిసిన ఓదార్పు మాటలన్నీ నేలమీద నడిచేవాళ్ల కోసం పుట్టినవి. ఒక్కటీ పనికి రాలేదు. "ఆకాశం తెరిపిచ్చాక మళ్లీ వెళ్దువుగాని అన్నా," అన్నాను, ఏడాది తిరిగిపోతుందని తెలిసి కూడా. ఆయన కత్తి తీసుకుని మొలలో దోపుకున్నాడు. బస్సు ఎటు ఆగుతుందని అడిగి వెళ్లిపోయాడు. ఈసారి మా గెడ్డ మీద ఆగలేదు. అటు చూడను కూడా చూడలేదు.

శీతాకాలం షెడ్యూల్ వచ్చేసరికి కోయంబత్తూరు రూటు లేదు. సీట్లు ఎంత మేరకు నిండాయో చెప్పే లెక్కని లోడ్ ఫ్యాక్టర్ అంటారు. వేసవి దాటాక అది పడిపోయిందట. ఆ విమానాన్ని ఇంకో ఊరికి తిప్పారు, అక్కడా కేకు కోసే ఉంటారు. ఇప్పుడు సోమన్న చేతికి మళ్లీ మిరియాలొచ్చినా, ఆకాశం అద్దంలా ఉన్నా, ఆ దారే లేదు.

ఆర్థిక సంవత్సరం చివర మీటింగ్‌కి కార్గో వాళ్లనీ పిలిచారు. తెర మీద గీత పైకి పోతోంది. ప్రయాణికులు పెరిగారు, అందరికీ అభినందనలు. మా పద్ధతిలో ఎక్కిన మనిషినీ లెక్కపెడతాం, దిగిన మనిషినీ లెక్కపెడతాం. వెళ్లి వచ్చినవాడు రెండుసార్లు లెక్కకొస్తాడు. మిరపకాయ బజ్జీలు పంచుతుంటే నేను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

ఈ వృత్తిలో ఏం నేర్చుకున్నావని అడిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర గొప్ప నీతి ఏమీ లేదు. దారి వేయడం మాకు వచ్చు, తీసేయడమూ వచ్చు. దారిలో తప్పిపోయిన మనిషిని వెతకడం మాకు రాదు. ఆ ఏడాది పెరిగిన ప్రయాణికుల్లో సోమన్న రెండుసార్లు ఉన్నాడు. కూతురు అంతకుముందు ఏడాది లెక్కలో, సరుకు కింద, కిలోల్లో ఉంది.