పసుపునీళ్ళు తాగిన ఫ్లాపీ

మా ల్యాబులో కంప్యూటరు పాతబడి చెడిపోలేదు. ముహూర్తం పెట్టించి మరీ దాన్ని చెడగొట్టారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో, చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అమలాపురంలో రొయ్యపిల్లలకు వైరస్ పరీక్ష చేసే చిన్న ల్యాబులో నేను పనిచేసేదాన్ని. జువాలజీ చదివినదానికి ఇంటి దగ్గర దొరికిన ఉద్యోగం అదొక్కటే. ల్యాబు మా నాన్నగారి పినతండ్రి కొడుకుది, నాకు వరసకి బాబాయిగారు. ఆయన అసలు కొబ్బరి వ్యాపారి. చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులుగా మారిపోవడం చూసి ఈ ల్యాబు పెట్టారు. చెరువులో రొయ్యపిల్లని వదిలేముందు రైతు కొన్ని పిల్లల్ని సీసాలో వేసి మా దగ్గరికి తెస్తాడు. వాటిలో తెల్లమచ్చ వైరస్ ఉంటే పాజిటివ్ అని, లేకపోతే నెగెటివ్ అని మేం రాసివ్వాలి. వైరస్ ఉన్న పిల్లని వదిలితే నెలా రెండు నెలల్లో చెరువు మొత్తం చచ్చి గట్టుకి కొట్టుకొస్తుంది.

పరీక్ష చేసే యంత్రం సొంతంగా ఏ పనీ చేయదు. కంప్యూటరు చెబితే వేడెక్కుతుంది, చెబితే చల్లారుతుంది. ఆ కబురు అందించేది కంప్యూటరు లోపల గుచ్చిన అరచేయంత కార్డు. యంత్రమే సెకండ్ హ్యాండుది, కార్డు అంతకన్నా ముసలిది. ఆ కార్డు భాష కంప్యూటరుకి తెలియాలంటే దానితో వచ్చిన ఫ్లాపీ కావాలి. ఆ ఫ్లాపీ ఒక్కటే ఉంది. ఇంకో కాపీ తీసి దాచాలని చాలాసార్లు అనుకున్నాను, ఒక్కసారీ తీయలేదు. నా మీద నాకున్న కోపాల్లో అది చిన్నది.

ఒకరోజు బాబాయిగారు రాజమండ్రి నుంచి సీడీ ఒకటి పట్టుకొచ్చారు.

“కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అమ్మా. ఈ చుట్టుపక్కల ఏ ల్యాబుకీ ఇంకా లేదంట.”

“మన కార్డు పాతదండీ. దీంతో పనిచేస్తుందో లేదో కనుక్కుని వేద్దాం” అన్నాను.

“కొత్తది పాతదానికన్నా తెలివైందే కదమ్మా. అదే చూసుకుంటాది.”

అంతటితో ఆగలేదు. పంతులుగారిని అడిగి బుధవారం ఉదయం పదీ ఇరవైకి ముహూర్తం కూడా పెట్టించుకొచ్చారు. ఆ సరికొత్త సిస్టమ్ తయారుచేసినవాళ్ళకి కూడా ఆ ఆలోచన వచ్చి ఉండదు.

బుధవారం ల్యాబు పెళ్ళివారిల్లులా తయారైంది. కంప్యూటరు పెట్టెకి బొట్లు పెట్టారు, కీబోర్డు మీద బంతిపూలు వేశారు. సొరుగులో ఉన్న సీడీలూ ఫ్లాపీలూ స్క్రూడ్రైవరూ అన్నీ తీసి ఇత్తడి పళ్ళెంలో పేర్చారు. పంతులుగారు మామిడాకుతో పసుపునీళ్ళు చల్లుతుంటే నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి కంప్యూటరు మీద తువ్వాలు కప్పాను. పళ్ళెం సంగతి నాకు తట్టలేదు. కొబ్బరికాయ కొట్టారు, సీడీ పెట్టారు.

కాసేపటికి తెర మీద పని ఆగిపోయి ఒక హెచ్చరిక వచ్చింది. కంప్యూటరులో ఉన్న ఒక కార్డు ఈ సిస్టమ్‌కి సరిపడదనీ, ముందుకు వెళితే కంప్యూటరు మళ్ళీ లేవకపోవచ్చనీ దాని సారాంశం. చదివి, తెలుగులో చెప్పి, “ఆపేద్దామండీ” అన్నాను.

“శుభమా అని మొదలెట్టింది మధ్యలో ఆపుతారా? ఇంకో పన్నెండు నిమిషాల్లో వర్జ్యం వచ్చేద్ది. నొక్కమ్మా” అన్నారు బాబాయిగారు.

“కానివ్వండమ్మా” అన్నారు పంతులుగారు కూడా.

ఎమ్మెస్సీ చదివిన నేను ఆ ఇద్దరు పెద్దమనుషుల మొహాలూ చూసి నొక్కేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని నొక్కించలేదు.

గంట తర్వాత కంప్యూటరు దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. బొమ్మ వచ్చింది, తెర నల్లబడింది, మళ్ళీ మొదలైంది. మళ్ళీ బొమ్మ, మళ్ళీ నలుపు.

“లోపల సద్దుకుంటందేమో, కాసేపు వదిలెయ్యమ్మా” అని బాబాయిగారు ప్రసాదం పంచడానికి వెళ్ళారు. నేను పళ్ళు కొరుక్కుంటూ దాని ముందు కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక రైతు సీసా పట్టుకుని వచ్చారు. చిన్న చెరువు, అదీ కౌలుకి. కిందటి పంట తెల్లమచ్చకే పోయింది.

“రేపు మజ్జాన్నానికి పిల్లనేసుకుని సీడు బండి వచ్చేద్దండి మేడంగారూ. ఈలోగా చెప్తే చాలండి” అన్నారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. “ఈ పంట కూడా పోతే మా ఆవిడ ఇంటిపనికి కువైట్ ఎల్లిపోద్దండి. పాస్‌పోర్టు వచ్చేసిందండి. పాప చూస్తే ఒకటో తరగతండి. అంచేత కొంచెం జాగర్తగా చూడండి, ఆయ్.”

“రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళండి” అన్నాను. వెనక కంప్యూటరు అప్పటికి ఎన్నోసారో చచ్చి లేస్తోంది.

ఆయన వెళ్ళగానే పెట్టె మూత విప్పాను. ముసలి కార్డు పీకేసి చూస్తే కంప్యూటరు బుద్ధిగా లేచింది. మళ్ళీ గుచ్చితే మళ్ళీ అదే గోల. కార్డు ఉంటే కంప్యూటరు లేవదు, కార్డు లేకపోతే యంత్రం కదలదు. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, మాకు యంత్రం అమ్మినాయనకి మద్రాసు ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. “ఆ మోడలుకి కొత్త సిస్టమ్‌లో సపోర్టు లేదు మేడమ్, ఇక రాదు కూడా. పాతదే మళ్ళీ వేసుకోండి. కార్డు ఫ్లాపీ ఉంది కదా?” అన్నారు. ఉందన్నాను.

తిరిగొచ్చి బాబాయిగారితో చెప్పాను. “ఎందుకైనా మంచిది, ఆ రైతు తెచ్చిన రొయ్యపిల్లల్ని భీమవరం ల్యాబుకి పంపిద్దామండీ. సాయంత్రంలోగా అందుతాయి.”

“పక్కోళ్ళ ల్యాబుకి పంపిస్తే మన పరువేం కావాలమ్మా? ఆ పిల్లని పెంచిన హేచరీ మంచిదేగా. నెగెటివ్ అని రాసిచ్చెయ్.”

“రాయనండీ” అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట నేను కాదనడం అదే మొదటిసారి. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను, బుద్ధిలేనిదాన్ని.

కొత్తది మొత్తం తుడిచేసి పాత సిస్టమ్ ఎక్కించేసరికి నాలుగైంది. కార్డు గుచ్చాను, కంప్యూటరు లేచింది. ప్రాణం కుదుటపడి ఫ్లాపీ దూర్చాను. లోపలినుంచి పచ్చికొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు వచ్చింది. బయటికి తీసి దాని ఇనపరేకు జరిపి చూస్తే, లోపల పసుప్పచ్చటి తడి. అంచున కుంకుమ ముద్ద. పూజ ఫలం నేరుగా ఫ్లాపీకే అందింది.

ఆ క్షణంలో పంతులుగారు గానీ బాబాయిగారు గానీ ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. ఎవరూ లేరు కాబట్టి పళ్ళెం తీసి గోడకి కొట్టాను. బంతిపూలు యంత్రం మీద పడ్డాయి, అవి నేనే ఏరుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఫ్లాపీ అంచు బ్లేడుతో చీల్చి, లోపలున్న పల్చటి నల్ల బిళ్ళ బయటికి తీశాను. పరీక్షలకి వాడే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, వేలు తగలకుండా కడిగి, వడపోత కాగితాల మధ్య ఆరబెట్టి ఇంటికి వెళ్ళాను.

గురువారం ఏడింటికల్లా ల్యాబులో ఉన్నాను. పనికిరాని ఫ్లాపీ ఒకటి చీల్చి, దాని పెంకులో మా బిళ్ళ పెట్టి, టేపుతో అతికించాను. మొదటిసారి చదవలేదు. రెండోసారీ చదవలేదు. మూడోసారి గర్రుమని ఆగి, మళ్ళీ కదిలి, చదివింది. యంత్రం మీద పచ్చలైటు వెలిగింది. అది వెలగ్గానే ముందు కాపీ తీశాను. అప్పుడు రైతు తెచ్చిన పిల్లల పరీక్ష మొదలుపెట్టాను.

ఒంటిగంటన్నరకి ఫలితం వచ్చింది. వైరస్ ఉంటే గీత పడాల్సిన చోట గీత చిక్కగా పడింది. అనుమానానికి తావే లేదు. పాజిటివ్ అని రాసి, సంతకం పెట్టి, గుమ్మం వైపు చూశాను. మధ్యాహ్నం రమ్మన్న మనిషి రాలేదు. మనసు ఎందుకో కీడు శంకించి బాబాయిగారింటికి ఫోన్ చేశాను.

“ఆ రైతు ఇంటికొస్తే పొద్దున్నే ఇచ్చేసేనమ్మా” అన్నారు బాబాయిగారు, చాలా మామూలుగా. “సీడు బండి తొందరగా వచ్చేసిందని కంగారుపడిపోతున్నాడు పాపం. నువ్వు సంతకం పెట్టిన కాయితాలు నా దగ్గరున్నాయి కదా, అందులో నెగెటివ్ అని రాసిచ్చేను.”

అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. కానీ అరుస్తూనే నాకు తెలుసు, ఆ కాగితాలు దొంగిలించినవి కావు. కిందటి నెల పెళ్ళికి వెళుతూ, నేను లేనప్పుడు రైతులు ఇబ్బంది పడతారని బాబాయిగారు అంటే, పది ఖాళీ కాగితాల మీద వరసగా సంతకాలు చేసిచ్చింది నేనే. అందరూ అలాగే చేస్తారనుకున్నాను.

ఆటో మాట్లాడుకుని చెరువు దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద రొయ్యపిల్ల వచ్చిన ఆక్సిజన్ కవర్లు ఖాళీగా పడున్నాయి. ఆయన భార్య వాటిని ఒక్కొక్కటే దులిపి మడతపెడుతోంది. ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వదిలిన పిల్ల ఎలా తిరుగుతోందో వంగి చూసుకుంటున్నారు. నన్ను చూసి సంబరపడుతూ పైకొచ్చారు.

కాగితం ఇచ్చాను. చదువుకున్నారు. జేబులోంచి పొద్దుటి కాగితం తీసి పక్కన పెట్టి చూశారు.

“రెండిటి మీదా మీ సంతకమే ఉందండి” అన్నారు నెమ్మదిగా. “నిన్న మీ కంప్యూటరు ఆగిపోతా లేస్తా ఉండటం చూసేనండి. ఇప్పుడది తప్పు చెప్తందేమోనండి. ఏది నమ్మమంటారండి?”

ఆయన నన్ను నిలదీయడం లేదు. పొద్దుటి కాగితమే నిజమని నా నోటితో అనిపించుకోవాలని చూస్తున్నారు.

“ఇప్పుడిచ్చిందే నిజమండి. మొదటిది అబద్ధం. అందులో ఏం రాస్తారో చూడకుండానే సంతకం పెట్టేశాను” అన్నాను. పక్క చెరువులకి అంటకుండా నీళ్ళు కాలవలోకి వదలొద్దనీ, బ్లీచింగ్ చల్లి ఉన్న పిల్లనంతా చంపేయాలనీ కూడా చెప్పాను. ఒక్క తిట్టు తిడతారేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది.

ఆయన చెరువు వైపు తిరిగి నిలబడిపోయారు. ఆవిడ మడతపెట్టిన కవర్లు పక్కనపెట్టి లేచి, రెండు కాగితాలూ ఆయన చేతిలోంచి తీసుకుంది.

“మేడంగారు ఎండలో పడి వచ్చేరు, ఓ బొండం కొట్టండి” అంది మొగుడితో. ఆయన కదలలేదు. ఆవిడ కాగితాలు మడిచి బొడ్లో దోపుకుని, అదే గొంతుతో మళ్ళీ అంది. “తర్వాత ఆ కువైట్ ఏజెంటు గారికి కబురెట్టండి. నేను వస్తానని చెప్పండి.”