సరేలెండి కిరాయి చెప్పడం నేర్చుకున్న వైనం

అతన్ని అందరూ సరేలెండి అంటారు. అసలు పేరు లైసెన్సు మీద భద్రంగానే ఉంది కానీ, దాంతో పిలిచేవాళ్ళు లేరు. ఎవరు ఏమడిగినా అతని నోట వచ్చే మొదటి మాట అదే కాబట్టి అదే పేరై కూర్చుంది. "కాస్త ఈ బస్తా కూడా వేసుకో" అంటే సరేలెండి. "పోతూ పోతూ మా తమ్ముడింటి దగ్గర..." అంటే, ఆ తమ్ముడిల్లు ఎక్కడుందో తెలియకముందే సరేలెండి.

మరొకరి లారీ నడిపినంత కాలం ఈ గుణం వల్ల అతనికి వచ్చిన నష్టం లేదు. కిరాయి మాట్లాడే పని ఓనరుది. ఓనరు గొంతు పెద్దది, గుండె మెత్తనిది, బేరమంటే ఆయనకు మహా సరదా. సరేలెండి పనల్లా తాళ్ళు బిగించడం, బండి నడపడం, సామాను మీద గీత పడకుండా దించడం. ఆ పనిలో అతనికి వంక పెట్టినవాడు లేడు.

కాలం గడిచి ఓనరు మోకాళ్ళు మొరాయించాయి. ఆయన వ్యాపారం చాలించుకుని పెద్ద లారీలన్నీ అమ్మేశాడు. చిన్న బండి ఒక్కటి మాత్రం పక్కన పెట్టి, సరేలెండిని పిలిచాడు.

"ఇది నువ్వు తీసుకోరా. వాయిదాల్లో ఇద్దువుగాని. ఎన్నాళ్ళని పరాయి స్టీరింగు తిప్పుతావు?"

"సరేలెండి" అని ఇతను తాళాలు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

అతని భార్య టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడవారగా గుడ్డలు కత్తిరించే బల్ల, తలుపు వెనక కుట్టిన చొక్కాల వరస. సంగతి వినగానే ఆమె చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"బండి నడపడం మీకొచ్చు. కిరాయి అడగడం వచ్చా?"

"అడగడమెందుకు? పని చేస్తే వాళ్ళే ఇస్తారు" అన్నాడతను ధీమాగా.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇతని నోరు మరీ మంచిది కావడంతో ఊరు ఊరంతా వచ్చి ఇతని బండి ఎక్కింది. టైల్సు, బీరువాలు, సిమెంటు, ఇళ్ళు మారేవాళ్ళ పరుపులు, పూలకుండీలు. దించాక ఎంతివ్వమంటావని అడిగితే, "మీకు తోచింది ఇవ్వండి" అనేవాడు. అదేం విచిత్రమో, ఎవరికీ ఎక్కువ తోచేది కాదు. పొద్దున్న పోయినవాడు గానుగెద్దులా తిరిగి తిరిగి చీకటిపడ్డాక ఇల్లు చేరేవాడు. అయినా చిల్లు కుండలో పోసిన నీళ్ళే.

ఒకరోజు వెనక టైరు పేలింది. కొత్తది కొనడానికి చేతిలో లేదు. ఆమె తన కుట్టు డబ్బు తీసి ఇచ్చింది. అన్నం తింటుండగా, "రేపు బండిలో నేనూ వస్తాను" అంది.

మర్నాడు ఆమె ఫ్లాస్కు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మొదట టైల్సు కొట్టు. గోడౌను తాళం ఉన్నవాడు తీరిగ్గా వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. తర్వాత ఒక బీరువా. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. "మీరు బలంగా ఉన్నారు కదండీ" అన్నాడు ఇంటాయన. ఆ మాటకి పొంగిపోయి సరేలెండి బీరువా భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత దూరంగా పక్క ఊళ్ళో లోడు దింపి, ఖాళీ బండితో వెనక్కి బయల్దేరారు. వెనకాల తలుపులు గడగడలాడుతున్నాయి.

"ఈ రాకకి డీజిల్ ఎవరిచ్చారు?" అందామె.

"ఎవరిస్తారే? వచ్చేటప్పుడు ఖాళీయే కదా."

"ఆ సంగతి బండికి తెలుసా? తాగేది తాగుతూనే ఉందిగా."

ఇన్నేళ్ళలో డీజిల్ మీటరు ముల్లు వైపు అతను అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె బల్ల మీద గుడ్డలు పక్కకు జరిపి అతన్ని కూర్చోబెట్టింది. "చొక్కా కుట్టినందుకు నేను కుట్టు ఒక్కటే లెక్కేస్తానా? దారం, బొత్తాలు, మిషను నూనె, బాగానే ఉన్నదాన్ని మళ్ళీ విప్పించేవాళ్ళ విసుగు, అన్నీ కలిపే చెప్తాను. మీరూ అంతే. పోయేటప్పటి డీజిలూ, వచ్చేటప్పటి డీజిలూ వెయ్యండి. టైర్లకీ బ్రేకులకీ ఇన్సూరెన్సుకీ ప్రతి ట్రిప్పులోంచీ కాస్త తియ్యాలి. గంట దాటి నిలబెడితే దానికి వేరే. మెట్లెక్కిస్తే దానికి వేరే. మీ నడుముకి కూడా."

"నడుముకి కూడానా?"

"అది అరిగితే టైరులా మార్చలేం."

అసలు చిక్కు లెక్కలో లేదు, నోట్లో ఉంది. ధర చెప్పాక నోరు మూసుకోమంది ఆమె. ఆ పైన ఒక్క మాట మాట్లాడినా అది తగ్గించే మాటే అవుతుందట. సరేలెండి బండి అద్దంలో తన మొహం చూసుకుంటూ కిరాయి చెప్పడం సాధన చేశాడు. అద్దంలోవాడికి కూడా గట్టిగా చెప్పలేకపోయాడు.

మొదటి పరీక్ష ఫర్నిచరు కొట్టాయన దగ్గర. ధర చెప్పాడు. కొట్టాయన కనుబొమలెగరేసి ఊరుకున్నాడు. ఆ నిశ్శబ్దం భరించలేక ఇతను, "లేదంటే మీ ఇష్టం లెండి" అనేశాడు. ఇష్టప్రకారమే జరిగింది. రెండోసారి గట్టిగా నిలబడ్డాడు. కొట్టాయన వేరే బండిని పిలిపించుకున్నాడు. మరొకరూ అంతే. ఇంకొకరూ అంతే. చివరికి బండి ఇంటిముందు ఊరికే నిలబడింది. సరేలెండి తుడిచిన బండినే తుడుస్తూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

మిషను దగ్గర ఆమెకీ మనసు మనసులో లేదు. "నేనే ఎక్కువ చెప్పించానేమో" అంది ఒక సాయంత్రం. "రాను పోను మొత్తం ఒక్కడి నెత్తినే వేస్తే ఎవడు మాత్రం మోస్తాడు?"

అతను తుడిచే గుడ్డ భుజాన వేసుకున్నాడు. "వచ్చేటప్పుడు లోడు దొరికితే?"

"దొరుకుతుందా?"

"గోడౌన్ల దగ్గర వాచ్‌మెన్లంతా నాకు తెలుసు. ఏ సరుకు ఎప్పుడు కదులుతుందో ముందు తెలిసేది వాళ్ళకే."

దాణా గోడౌను వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. ఎప్పుడో వాన రోజున జ్వరంతో ఉన్న అతని బిడ్డను లారీలో ఆసుపత్రికి చేర్చిన సంగతి ఇతనికి గుర్తు లేదు, అతనికి ఉంది. "ఇన్నాళ్ళూ అడగవేం? అడగందే అమ్మైనా పెట్టదు" అని చీవాట్లు పెట్టి మరీ లోడు ఇప్పించాడు. అతని ద్వారా ఇంకొకరు, వాళ్ళ ద్వారా మరొకరు. రాకకు కిరాయి దొరికేసరికి పోయేటప్పటి ధర తగ్గించుకునే వీలు కలిగింది. ఆ మంచి నోరు ఎక్కడ వాడాలో, ఎక్కడ మూయాలో అతనికి మెల్లగా బోధపడింది.

అప్పుడొచ్చింది అసలు పరీక్ష. ఓనరు ఫోన్ చేశాడు. మెట్లు ఎక్కలేక కింద వాటా ఉన్న చిన్న ఇంటికి మారుతున్నాడు. సరేలెండి వెళ్ళేసరికి హాలంతా అట్టపెట్టెలు, మధ్యలో వాలుకుర్చీలో ఆయన.

"ఎంత తీసుకుంటావురా?"

"భలేవారండీ. మీ దగ్గర తీసుకుంటానా?"

ఓనరు మొహం గంటు పెట్టుకున్నాడు. "అయితే వెళ్ళు. ధర చెప్పలేనివాడి బండిలో నా సామాను ఎక్కించను. నీకు బండి ఇచ్చింది ఊళ్ళోవాళ్ళ పరుపులు ఊరికే మొయ్యడానికా?"

సరేలెండి నేల చూపులు చూశాడు. గది చూశాడు, మెట్లు లెక్కేసుకున్నాడు. ధర చెప్పి, పెదవులు బిగించాడు.

ఓనరు లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళు వెలిగాయి. "అంతా! దోపిడీ చేస్తున్నావురా" అని మొదలుపెట్టి, సగానికి అడిగాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, మోకాలు చూపించాడు. సరేలెండికి చెమటలు పట్టాయి. "గిట్టదండీ" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. గుమ్మంలో నిలబడిన ఓనరింటి అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

చివరికి ఓనరు కుర్చీలో వెనక్కి వాలి, "సరే, ఎక్కించు" అన్నాడు. ఆ గొంతులో ఓడిపోయినవాడి బాధ ఇసుమంతైనా లేదు.

కొత్తింటికి పోయేటప్పుడు ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కిరాయి ఒక్కో నోటూ లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత వీధిలో కనిపించినవాడికల్లా, "మావాడు పైసా తగ్గలేదయ్యా" అని చెప్పుకు తిరిగాడు.

ఫర్నిచరు కొట్టాయన కూడా, వేరే బండిలో రెండు అద్దాల మీద గీతలు పడ్డాక, తనంతట తనే ఫోన్ చేశాడు. ఇప్పుడు బండికి తీరిక తక్కువ. కొత్తిల్లు దగ్గరే కావడంతో ఓనరు పొద్దున్నే చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి మిషను ఎదురుగా కూర్చుంటున్నాడు. డీజిలు పెరిగింది, ధర పెంచమంటాడాయన. పాతవాళ్ళకి నెలాఖరుదాకా అదే ధర అంటుందామె. "వ్యాపారం నేను ముప్ఫై ఏళ్ళు చేశానమ్మా" అంటాడు. "మరి మోకాళ్ళకి ఏమైనా మిగిల్చుకున్నారా బాబాయిగారూ?" అంటుంది దారం కొరుకుతూ. వాళ్ళ వాదన తేలేలోపు సరేలెండి ఒక ట్రిప్పు వేసి వచ్చేస్తాడు.